మంచము ప్రక్కనున్నవారు

రోగిని జూడవచ్చినవారందరును మంచము వంకనే చూతురు. మంచము ప్రక్క నిలిచినవారి ముఖము చూచువారరుదు. అట్లు చూడనివారిలో మేమును జేరినవారమే.

మా తల్లిగారు క్యాన్సరు వ్యాధిచే ఎనిమిది మాసములు మంచము పట్టియుండిరి. ఇక నయము కాదని చెప్పి వైద్యు లింటికి బంపివేసిరి. అన్నగారు కచేరికి బోవువారు; మేము వ్రాతపని యను నెపమున వీధిగదిలో గూర్చుండువారము. తక్కినదంతయు వదినగారి పాలబడెను. రెండు గంటలకొకమారు రోగిని ప్రక్కకు ద్రిప్పుట, దుప్పట్లు మార్చుట, ఎండిన పెదవులు తడిగుడ్డతో తుడుచుట, నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ మందిచ్చుట, నడుమ బిల్లలకు క్యారేజీలు కట్టుట. చుట్టములు వచ్చి, బత్తాయిలు బల్లపై నుంచి, “అత్తగారికి జేసిన సేవ ఊరక పోదమ్మా” యని దీవించి, కాఫీ త్రాగి వెడలుచుండిరి. ఆ కాఫీయు నామెయే కాచవలెను!

ఒకనాడు ఉపశమన చికిత్స చేయు ధర్మసంస్థనుండి నర్సొకతె వచ్చెను. తల్లిగారిని బరీక్షించి, మందులచీటి చూచి, వదినగారివైపు దిరిగి, “అమ్మా, మీరు కంటినిండ నిద్రపోయి యెన్నాళ్లయినది?” అని యడిగెను. వదినగారు బదులాడక వంటయింటిలోనికి బోయి తలుపు దగ్గరకు వేసికొనిరి. ఏడుపు మాకు వినబడెను. ఆ ప్రశ్న యడుగుటకు మాకెన్ని మాసముల వ్యవధి యుండెను!

పిదప నర్సు మమ్ము బిలిచి పని నేర్పెను. రోగి క్రింద మడతదుప్పటి పరచి యిరువురు చెరియొక వైపున బట్టి త్రిప్పినచో నడుములు విరుగవు. మందు బాధ పుట్టిన పిదప గాక గడియారమును బట్టి యీయవలెను. వేళలు కాగితముపై వ్రాసి గోడకంటించిన నెవ్వరైన నీయవచ్చును. అంతవరకు నా వేళలన్నియు వదినగారి తలలోనే యుండెను.

ఈ విద్య కొత్తది కాదు. సిసిలీ సాండర్సను నామె నర్సుగా, సంఘసేవకురాలిగా బనిచేసి, పిమ్మట వైద్యురాలై, 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయమును స్థాపించెను. రోగితోపాటు కుటుంబమును గూడ నాదరింపవలెనని యామె మతము. కేరళమునందలి కోజికోడులో 1993లో మొదలైన సంఘము ఇరుగుపొరుగువారికే శిక్షణ యిచ్చి, నర్సుల వెంట రోగుల యిండ్లకు బంపెను. 2008లో నా రాష్ట్రప్రభుత్వము దీనికొక విధానమునే ప్రకటించినది. అక్కడ పొరుగువాడు బత్తాయిలు తెచ్చుటతో నాగక, ఒక పూట రోగి ప్రక్క గూర్చుండును.

మనలోనో, సేవ స్త్రీధర్మమని పురుషుల తీర్పు. రాత్రి లేవనక్కరలేనివారికి ఆ ధర్మము మిక్కిలి రుచించును. వైద్యుని చీటిలో రోగి మందుల క్రింద, ఉపచారము చేయువారి నిద్రకు గూడ నొక పంక్తి యుండవలెనని మా కోరిక. అది యెవరు కాపాడవలెనో పేరుతో వ్రాసిన మరియు మేలు.

ఆ రాత్రినుండి రెండు గంటలవరకు మేము, అటుపై నన్నగారు మేల్కొనవలెనని యేర్పాటైనది. మొదటి రాత్రియే మేము గురకపెట్టితిమి. మందు వదినగారే యిచ్చిరి. ఉదయమున నామె యేమియు ననలేదు. రెండవనాడు నిద్రపోలేదు. ఒంటిగంటకు మందు పట్టుచుండగా తల్లిగారు కన్నులు దెరచి, “కోడలు పడుకున్నదా?” అని మెల్లగా నడిగిరి. పడుకొన్నదంటిమి. “దీపము తగ్గించు, దాని కంట బడుతుంది” అనిరి.