ఇల్లు ముందు... కారు వెనక!

వెనకటికి పల్లెల్లో ఎద్దుబండి కట్టుకుని సంసారమంతా మరో ఊరు తరలిపోయేటప్పుడు బండి వెనక పాడావును కట్టేసేవారు. బండి నడుస్తుంటే ఆవు తన మానాన తాను వెనకే వచ్చేది. వేసవిలో అమెరికా రహదారుల మీద కనిపించే ఓ దృశ్యం అచ్చం అలాగే ఉంటుంది. ముందు బస్సంత ఇల్లు. దాని వెనక ఇనుప కడ్డీలతో కట్టేసిన చిన్న కారు. ఆ కారులో ఎవరూ ఉండరు. మలుపు వచ్చినప్పుడల్లా దాని స్టీరింగు మాత్రం దానంతటదే తిరుగుతుంటుంది!

ముందున్నది మోటార్‌హోమ్. మన సినిమా షూటింగుల దగ్గర తారలు సేదదీరే క్యారవాన్ గుర్తుందిగా... దానికి వంటగది, పడకగది, స్నానాలగది అన్నీ చేర్చి సొంతంగా నడుపుకునే బండిగా మారిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్లో విన్నెబాగో సంస్థ 1966లో వీటి తయారీ మొదలుపెట్టాక మధ్యతరగతి అమెరికన్లకూ ఇవి అందుబాటులోకి వచ్చాయి. ఉద్యోగ విరమణ చేశాక ఉన్న ఇల్లు అమ్మేసి, మోటార్‌హోమ్‌నే శాశ్వత చిరునామా చేసుకున్న దంపతులూ అక్కడ తక్కువేం కాదు.

మరి ఇల్లే వెంట ఉండగా కారెందుకు? ఆ సంగతి తెలియాలంటే మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కు దాకా వెళ్లాలి.

సూర్యుడి దగ్గరికి దారి

కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న గ్లేసియర్ పార్కు 1910లో ఏర్పడింది. దాన్ని పడమర నుంచి తూర్పుకు చీల్చుకుంటూ వెళ్లే ఏకైక రోడ్డు పేరు 'గోయింగ్ టు ద సన్ రోడ్'. సూర్యుడి దగ్గరికి వెళ్లే దారి అన్నమాట! పొడవు దాదాపు 80 కిలోమీటర్లు. పదేళ్లకు పైగా కొండను తొలిచి కట్టిన ఈ రోడ్డును 1933 జులైలో లాంఛనంగా ప్రారంభించారు. మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున మొదలై, కొండ అంచు పట్టుకుని పైకి ఎగబాకి, 2,026 మీటర్ల ఎత్తున లోగన్ పాస్ అనే కనుమకు చేరుతుంది. అక్కడి నుంచి సెయింట్ మేరీ సరస్సు వైపు దిగిపోతుంది. ఒకపక్క నిలువెత్తు బండ, మరోపక్క లోయ. మధ్యలో రెండు బండ్లు ఒకదాన్నొకటి తప్పుకోవడానికి సరిపడా జాగా!

అందుకే ఇక్కడ నిబంధన కఠినం. అవలాంచ్ క్రీక్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కంటే పొడవు, 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న వాహనాలను అనుమతించరు. వెనక ఏదైనా లాగుతుంటే అదీ ఆ పొడవులోకే వస్తుంది. పెద్ద మోటార్‌హోములు 30 నుంచి 45 అడుగులుంటాయి. వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. అంటే వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో ఆ దారిలోకే ఇల్లు వెళ్లదు. యూటా రాష్ట్రంలోని జయన్ పార్కులోనూ ఇలాంటి చిక్కే. 1930లో తవ్విన 1.8 కిలోమీటర్ల సొరంగంలోంచి పెద్ద బండ్లను ఏళ్లతరబడి ఎదుటి రాకపోకలు ఆపి మరీ పంపేవారు. 2026 నుంచి వాటికి ఆ దారి మూసేయాలని పార్కు నిర్ణయించింది.

ఇదిగో, ఇక్కడే వెనకున్న కారు అక్కరకొస్తుంది. ఇంటిని ఆప్‌గార్ శిబిరంలో చెట్ల కింద నిలిపేసి, కారు విప్పుకుని కొండెక్కొచ్చు. పాలప్యాకెట్ కోసం లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి ఇవ్వని బండిని కదిలించాల్సిన పనీ ఉండదు.

ముందు చక్రాల మర్మం

అమెరికన్లు ఈ కారుకు ముద్దుపేర్లు పెట్టుకున్నారు. కొందరు ఓడ వెనక కట్టే చిన్న పడవతో పోల్చి 'డింగీ' అంటారు. ఇంకొందరు 'టోడ్' అంటారు. లాగించుకునేది అనే అర్థమున్న మాటా, కప్ప అనే అర్థమున్న మాటా ఇంగ్లిషులో ఒకేలా పలుకుతాయి మరి!

పేరు ముద్దుగానే ఉన్నా కట్టడం మాత్రం ఆషామాషీ కాదు. ముందుగా తెలుసుకోవాల్సింది ఇంజిను ఏ చక్రాలను తిప్పుతుందన్నది. మన అంబాసిడర్‌లో ఇంజిను శక్తి వెనక చక్రాలకు వెళ్లేది. మారుతి 800లో ముందు చక్రాలకు. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువభాగం ఈ రెండో రకమే. గేరుబాక్సు ముందు చక్రాలకే ముడిపడి ఉంటుంది కాబట్టి, ఆ రెండు చక్రాలూ నేల తాకకపోతే గేరుబాక్సులో ఏదీ తిరగదు. వెనక చక్రాలు తోపుడుబండి చక్రాల్లా ఊరికే దొర్లుతాయి.

దీన్ని ఆధారం చేసుకుని వచ్చిందే 'టో డాలీ'. రెండు చక్రాల చిన్న బండి ఇది. కారును నడుపుకుంటూ వచ్చి ముందు చక్రాలను దీనిమీదికి ఎక్కించి, టైర్లను పట్టీలతో బిగించేస్తారు. నో పార్కింగ్‌లో పెట్టిన కారును క్రేన్‌వాళ్లు ముందువైపు ఎత్తి లాక్కెళతారే... సూత్రం అదే. కారుకు ఏ మార్పూ చేయనక్కర్లేదు. ముందు చక్రాలు నడిపే ఏ కారైనా, డాలీ మోయగలిగే బరువైతే చాలు. కొంతదూరం వెళ్లాక పట్టీలు వదులవుతాయి కాబట్టి ఆగి మళ్లీ బిగించాలి. డాలీలు అద్దెకిచ్చే యు-హాల్ సంస్థ గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్ల వేగం దాటొద్దంటుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు కొంప ముంచుతాయి. ఒకటి, కారును తిరగేసి ఎక్కించడం. అప్పుడు నేలమీద ఉండేవి ముందు చక్రాలు. గేరుబాక్సు దారిపొడవునా తిరుగుతూనే ఉంటుంది. రెండోది, హ్యాండ్ బ్రేక్ తీయడం మరచిపోవడం. అది పట్టుకునేది వెనక చక్రాలనే. అవి దొర్లకుండా ఈడ్చుకుపోతుంటే టైర్లు అరిగి, కాలి, మంటలు లేచే ప్రమాదం ఉంది. ఇక నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లయితే డాలీ జోలికే పోకూడదు.

నాలుగు కాళ్ల మీద నడిపిస్తే?

డాలీతో ఓ ఇబ్బంది ఉంది. శిబిరానికి చేరాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. అందుకే చాలామంది కారును నాలుగు చక్రాలమీదే లాగుతారు. కారు ముందు బంపరు వెనక చట్రానికి ఓ ఇనుప పట్టా బిగించి, దానికి ఆంగ్ల అక్షరం 'ఎ' ఆకారంలో ఉండే కడ్డీని తగిలిస్తారు. రెండు నిమిషాల్లో కట్టేయొచ్చు, రెండు నిమిషాల్లో విప్పేయొచ్చు.

కానీ ముందు చక్రాల కారుకు అసలు పరీక్ష ఇదే. గేర్లు చేత్తో మార్చే కార్లలో చాలావాటికి పళ్లచక్రాలు తిరుగుతూ నూనెను అవే చిమ్ముకుంటాయి. న్యూట్రల్‌లో పెడితే సరిపోవచ్చు. ఆటోమేటిక్ వ్యవహారం వేరు. అందులో నూనెను తోడి పోసే పంపు ఇంజినుతో నడుస్తుంది. ఇంజిను ఆపేసి లాగితే చక్రాలతోపాటు లోపలి భాగాలు తిరుగుతాయి, నూనె మాత్రం అందదు. వేడెక్కి, అరిగి, గేరుబాక్సే పాడవుతుంది. బాగు చేయించాలంటే వేల డాలర్లు!

కొన్ని మోడళ్లకు దీనికీ మార్గముంది. హోండా సీఆర్-వీనే తీసుకోండి. 2014 దాకా వచ్చినవాటికి కంపెనీయే పద్ధతి రాసిచ్చింది. ఇంజిను నడుస్తుండగా గేర్లన్నీ వరసగా మార్చి, 'డి'లోంచి న్యూట్రల్‌కు తెచ్చి, 3 నిమిషాలు అలాగే నడవనిచ్చి ఆపాలి. తాళంచెవి స్టీరింగు బిగుసుకోని స్థానంలో ఉంచాలి. 8 గంటలకు మించి లాగితే మళ్లీ మొదట్నుంచీ చేయాలి. 2015లో గేరుబాక్సు రకం మారింది... అంతే, ఇలా లాగొద్దని కంపెనీ చెప్పేసింది. పేరు అదే, రూపూ దాదాపు అదే. ఒక్క ఏడాది తేడా! అందుకే ఫలానావాళ్లు లాగారు కదా అని నమ్మేయకూడదు. తమ కారు, తమ ఏడాది, తమ గేరుబాక్సు గురించి కంపెనీ పుస్తకం ఏం చెబితే అదే వేదం. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటిని ఇలా అసలు లాగకూడదు.

వెనకున్నది కనిపించదు

తూర్పు వైపు సెయింట్ మేరీకి మోటార్‌హోమ్ చేరాలంటే పార్కును దక్షిణంగా చుట్టిరావాలి. మరియాస్ పాస్ మీదుగా బ్రౌనింగ్ దాకా, అక్కడి నుంచి ఉత్తరానికి. సుమారు 160 కిలోమీటర్ల దారి. బ్రౌనింగ్ బ్లాక్‌ఫీట్ తెగవారి ఊరు. వాతావరణం ఎప్పుడెలా మారుతుందో చెప్పలేని చోటు. 1916 జనవరిలో అక్కడ 24 గంటల్లోనే ఉష్ణోగ్రత దాదాపు 56 సెల్సియస్ డిగ్రీలు పడిపోయి రికార్డు సృష్టించింది. ఈదురుగాలులకైతే లెక్కే లేదు.

అలాంటి దారిలో వాలు దిగుతుంటే ఒకటిన్నర టన్నుల కారు వెనక నుంచి తోస్తూ ఉంటుంది. మోటార్‌హోమ్ బ్రేకులు రెండింటినీ ఆపాలి. అందుకే చాలా రాష్ట్రాల్లో నిర్ణీత బరువు దాటితే వెనకదానికీ బ్రేకులుండాలన్నది చట్టం. కారులో డ్రైవరు పాదాల చోట ఓ పెట్టెను అమరుస్తారు. ముందు బండి ఆగుతుంటే అది గుర్తించి కారు బ్రేకును నొక్కుతుంది. కడ్డీ ఊడిపోతే కారును అక్కడికక్కడే ఆపేసే తీగ మరొకటి. వీటికితోడు భద్రతా గొలుసులు, బండి దీపాలతోపాటే వెలిగే కారు దీపాలు.

భయమంతా వెనక ఏం జరుగుతుందో తెలియకపోవడంతోనే. భారీ బండి నడిపేవారికి వెనక కారు టైరు పగిలినా తెలియకపోవచ్చు. అది చీలికలై, ఉత్త చక్రం మీద కిలోమీటర్లు ఈడ్చుకొచ్చినవాళ్లున్నారు. అందుకే వెనకవైపు కెమెరా, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం పెట్టుకుంటారు. పైగా కారు కట్టి ఉండగా బండిని వెనక్కి నడపడానికి వీల్లేదు. కారు ముందు చక్రాలు అడ్డంగా తిరిగిపోయి కడ్డీ వంగిపోతుంది. దారి తప్పి ఇరుకు సందులోకి వెళ్తే కారు విప్పి, తిప్పుకుని, మళ్లీ కట్టుకోవాల్సిందే!

శిబిరాల్లో ఓ మర్యాద ఉంది. ఎవరైనా కారు కడుతుంటే పలకరించకూడదు. మాటల్లో పడి ఒక్క పిన్ను మరచిపోయినా ఎదురొచ్చేవారి ప్రాణాలమీదికి వస్తుంది. చాలామంది దంపతులు కాగితమ్మీద జాబితా రాసుకుంటారు. గేరు, హ్యాండ్ బ్రేక్, పిన్నులు, గొలుసులు, దీపాలు. ఒకరు కడితే మరొకరు సరిచూస్తారు. ఆ తర్వాతే ఇంజిను మోత.

మనవాళ్లు వెళితే...

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు చాలామంది. వారిని తీసుకుని అద్దె మోటార్‌హోమ్‌లో పార్కులు చుట్టే కుటుంబాలూ ఉన్నాయి. అన్నం వండుకోవచ్చు, పెద్దవాళ్లకు బాత్రూమ్ బెంగ ఉండదు. అయితే చాలా అద్దె సంస్థలు వెనక కారు కట్టనివ్వవు. 25 అడుగుల చిన్న మోటార్‌హోమ్ కూడా లోగన్ పాస్ ఎక్కలేదు. ఆ ఒక్కరోజుకు కారు అద్దెకు తీసుకోవడం లేదా కాన్వాస్ పైకప్పు తీసేసి తిప్పే 1930ల నాటి ఎర్ర బస్సుల్లో ముందే సీట్లు చూసుకోవడం మేలు. మంచు తొలగించి రోడ్డు పూర్తిగా తెరిచేసరికి సాధారణంగా జూన్ చివరో, జులై మొదలో అవుతుంది. అక్టోబరు నడిమికల్లా మళ్లీ మూతపడుతుంది.

చేరాక మాత్రం శ్రమంతా మరచిపోతారు. దారిలో 'వీపింగ్ వాల్' దగ్గర కొండ మీంచి జారే నీళ్లు కారు అద్దాల మీద పడతాయి. పైన పచ్చికలో తెల్లని కొండమేకలు మనుషుల్ని పట్టించుకోకుండా మేస్తుంటాయి. లోగన్ పాస్‌కు పడమరన కరిగిన మంచు పసిఫిక్ సముద్రానికి వెళుతుంది. తూర్పున కరిగింది కెనడా మీదుగా హడ్సన్ అఖాతానికి చేరుతుంది. ఆ రెంటి నడుమ పార్కింగు స్థలం ఉదయాన్నే నిండిపోతుంది. వరసగా నిలిచిన ఆ చిన్న కార్లలో కొన్నింటి ముందు బంపర్ల కింద రెండు ఇనుప కొక్కేలు కనిపిస్తాయి. అవి కనిపించాయంటే... కింద లోయలో ఎక్కడో వాళ్ల ఇల్లు ఎదురుచూస్తోందన్నమాట!