దారిలో తప్పిపోయిన గొంతు

గత శీతాకాలంలో ఒకనాడు, ఫజ్ర్ నమాజు ముగించుకొని, మా అమ్మీని వెంటబెట్టుకొని కర్నూలు నుంచి హైదరాబాదుకు కారులో బయలుదేరాను. ఆమెకు 78 ఏళ్లు. కుడి కంటికి మోతిబిందు ఆపరేషన్ జరగవలసి ఉంది. కారు నా మేనల్లుడిది, నడిపేవాడూ అతడే. దూరం సుమారు 210 కిలోమీటర్లు. దారి బాగుంటే నాలుగు గంటల్లో చేరుకోవచ్చు.

ఆపరేషన్ అంటే అమ్మీకి భయం. ఆ భయాన్ని ఆమె నోరు విడిచి చెప్పదు. బయలుదేరే ముందురోజు రాత్రి మాత్రం నన్ను పిలిచి, "బేటా, దారిలో మీ అబ్బా మాటలు వినిపిస్తావా?" అని అడిగింది.

అబ్బా మాటలంటే ఒక చిన్న ప్లేయర్‌లో ఉన్న నాలుగు రికార్డింగులు. అది బొటనవేలి కంటే కొంచెం పెద్దది. నాతులు వినడానికి ఎప్పుడో కొన్నాను. దానిలో మాటలు రికార్డు చేసే సదుపాయం కూడా ఉంది. అబ్బా ఆరోగ్యం క్షీణిస్తున్న రోజుల్లో నాలుగు మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చొని, ఆయన చెప్పుకొచ్చిన పాత సంగతులను అందులో భద్రపరిచాను. ఉల్లిపాయల వ్యాపారం మీద ఆయన ఎన్నో ఏళ్లు కర్నూలు, హైదరాబాదుల మధ్య తిరిగారు. ఆ రికార్డింగుల్లో సగానికి పైగా ఈ దారి కబుర్లే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు మా ఇంట్లో ఫోటోలన్నీ బురదపాలయ్యాయి. అబ్బా పోయి మూడేళ్లయింది. ఆయనవంటూ మాకు మిగిలినవి ఆ నాలుగు రికార్డింగులే. వాటికి మరో నకలు తీసి ఉంచాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. ఆ అశ్రద్ధకు ఆ రోజు దారి పొడవునా బాధపడ్డాను.

ప్లేయర్‌కు దెబ్బ తగలకూడదని అమ్మీ తన మసక చూపుతోనే ఒక మెత్తటి రెగ్జిన్ తొడుగు కుట్టి, వైరు గుచ్చడానికి చిన్న రంధ్రం విడిచింది. ముందురోజు రాత్రి ఇయర్‌ఫోన్ పెట్టి విన్నాను. గొంతు స్పష్టంగా వినిపించింది. ఇయర్‌ఫోన్ అమ్మీ చెవిలో నిలవదు. కారు స్పీకర్లలో అందరం కలిసి వినవచ్చుననుకొని దాన్ని అలమారాలోనే వదిలేశాను.

ఊరు దాటి తుంగభద్ర వంతెన ఎక్కాం. కర్నూలు వాళ్లకు ఈ నది కథ కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు నదికి ఆవల హైదరాబాదు రాష్ట్రం ఉండేది. 1956 నవంబరు 1న ఆ సరిహద్దు తొలగిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక మళ్లీ అదే నది సరిహద్దయింది. రాజధాని వచ్చిన కొత్తలో గుడారాల్లో నడిచిన కచేరీలను అబ్బా పదమూడేళ్ల పిల్లవాడిగా చూశారు. మొదటి రికార్డింగు ఆ ముచ్చటతోనే మొదలవుతుంది. వంతెన మీదనే అది వినాలని అమ్మీ కోరిక.

మేనల్లుడు వైరు ఒక కొనను ప్లేయర్‌కు, రెండో కొనను కారు స్టీరియోకు గుచ్చాడు. రేడియో మోగింది. స్టీరియో ఇంకా రేడియో మీదే ఉందని గ్రహించి, బటన్ నొక్కి ఆక్స్ మీదికి మార్చాడు. నిశ్శబ్దం. శబ్దం పెంచాడు. సన్నని బుస తప్ప ఏమీ లేదు. ప్లేయర్‌లోని ఒక నాత్ పెట్టి చూశాడు. అది వినిపించింది. అయితే పాడేవారి గొంతు ఎక్కడో లోతైన బావిలోకి జారిపోయినట్లుంది. వెనుక వంతపాడేవారి గొంతులు, ప్రతిధ్వని మాత్రమే పైకి వస్తున్నాయి. మళ్లీ అబ్బా రికార్డింగు పెట్టాడు. మళ్లీ నిశ్శబ్దమే.

ఒక చేయి స్టీరింగు మీద, మరో చేయి బటన్ల మీద పెట్టి అతడు వెతుకుతుండగా వెనుక నుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకుపోయినంత దగ్గరగా దాటిపోయింది. అమ్మీ నా చేయి పట్టుకుంది. "చేసేదేదైనా బండి ఆపి చెయ్యి" అని గట్టిగానే అన్నాను.

అలంపూర్ చౌరస్తాలో పక్కకు ఆపాం. ఈసారి ప్లేయర్‌ను యూఎస్‌బీ వైరుతో స్టీరియోకు కలిపాడు. స్టీరియో తెర మీద నాతుల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. అబ్బా రికార్డింగులు ఒక్కటీ లేవు.

"మామూ, చెరిగిపోయాయేమో" అని అతడు మెల్లగా అన్నాడు. అమ్మీకి చూపు మందగించింది గాని వినికిడి కాదు. ఆమె ఏమీ అనలేదు. దుపట్టా సవరించుకొని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బీచుపల్లి వద్ద కృష్ణ కనిపించింది. బండరాళ్ల మధ్య నీరు పాయలుగా పారుతోంది. అమ్మీకి అది తెల్లని మసకగా మాత్రమే కనబడి ఉంటుంది. "ఇక్కడ మీ అబ్బా లారీ దిగి ముఖం కడుక్కొనేవారట" అని ఆమే చెప్పడం మొదలుపెట్టింది. రెండో రికార్డింగులో ఉన్న సంగతే అది. కొన్ని వాక్యాలు చెప్పి, "తర్వాత ఏమన్నారో…" అని ఆగిపోయింది. నాకూ సరిగ్గా గుర్తు లేదు. ఎప్పుడైనా వినవచ్చులే అన్న ధీమాతో నేనూ మనసు పెట్టి వినలేదు.

పెబ్బేరు దాటాక ప్లేయర్‌లో ఛార్జి తగ్గిందని గుర్తించి, బండి ఆపి, కారు ఛార్జర్‌కు తగిలించాం. వెంటనే స్పీకర్లలోంచి కీచుమనే శబ్దం లేచింది. యాక్సిలరేటర్ తొక్కితే అది పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆ కీచు శబ్దం మాటున ఎవరో దగ్గారు. ఆ తర్వాత "…అప్పుడు నేను…" అన్న మాట. అది అబ్బా గొంతే! శబ్దం భరించలేక మేనల్లుడు ఛార్జర్ పీకేశాడు. కీచు శబ్దంతో పాటు గొంతు కూడా మాయమైంది.

"ఉన్నారు," అంది అమ్మీ. "లోపలే ఉన్నారు."

జడ్చర్లలో జుహ్ర్ నమాజు చేసుకున్నాం. కార్లకు స్టీరియోలు అమర్చే ఒక చిన్న దుకాణం రోడ్డు పక్కనే కనిపించింది. దుకాణదారుకు పాతికేళ్లు మించవు. మేము స్టీరియో పాడైందన్నాం, రికార్డింగులు పోయాయన్నాం, ఛార్జర్ మంచిది కాదన్నాం. అతడు అంతా విని, "మౌలానా సాబ్, అన్నీ ఒక్కపారి చూడొద్దు. ఒక్కొక్కటి మార్చుకుంట చూద్దాం" అన్నాడు.

ముందుగా తన ఇయర్‌ఫోన్‌ను ప్లేయర్‌కు పెట్టి నాకిచ్చాడు. అబ్బా మాట్లాడుతున్నారు. నా కళ్లు చెమర్చాయి. "రికార్డింగు మంచిగున్నది, ప్లేయర్ మంచిగున్నది" అంటూ రెండు వేళ్లు ముడిచాడు. తర్వాత మా వైరునే తన ఫోనుకు గుచ్చి కారులో ఏదో వినిపించాడు. స్పష్టంగా ఉంది. "స్టీరియో మంచిదే, వైరూ మంచిదే." ఇంకో రెండు వేళ్లు ముడిచాడు. "ఇగ మిగిలింది ఈ రెండూ కలిసే జాగనే."

వైరు కొనను ప్లేయర్‌కు గుచ్చి పక్కనుంచి చూపించాడు. అమ్మీ కుట్టిన తొడుగు మందంగా ఉంది, దాని రంధ్రం చిన్నది. ఇయర్‌ఫోన్ పిన్ను మొదలు సన్నగా ఉంటుంది కనుక ఆ రంధ్రంలోంచి పూర్తిగా లోపలికి పోయింది. కారు వైరు పిన్ను మొదలు లావు. అది తొడుగుకు తట్టుకొని బియ్యపు గింజంత దూరంలో ఆగిపోయింది.

అతడు చెప్పిన వివరణను నాకర్థమైనంతలో చెబుతాను. 3.5 మిల్లీమీటర్ల ఆ పిన్ను మీద నల్లని గీతలతో వేరు చేసిన మూడు భాగాలుంటాయి. కొన ఎడమ స్పీకరుకు, నడిమి భాగం కుడి స్పీకరుకు, మొదలు ఆ రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి. పిన్ను పూర్తిగా దిగకపోవడంతో ఆ తిరుగుదారి తెగింది. అప్పుడు కుడి ఎడమలు రెండింటిలో ఒకేలా ఉన్నది పరస్పరం రద్దయిపోయి, తేడాగా ఉన్నది మాత్రమే వినిపిస్తుంది. నాతులో ప్రధాన గాయకుడి గొంతు రెండు వైపులా సమానం కనుక మునిగిపోయింది. వంతపాటలు, ప్రతిధ్వని మిగిలాయి. అబ్బా గొంతును పట్టింది ఒకే మైకు. అది రెండు వైపులా అచ్చంగా ఒక్కటే కనుక మొత్తంగా మాయమైంది. ఛార్జర్ తగిలించినప్పుడు దాని వైరు గుండా, కారు ద్వారా ఆ తిరుగుదారి అడ్డదిడ్డంగా కలిసింది. గొంతు వచ్చింది, దానితో పాటే ఇంజిను వేగంతో మారే ఆ రొదా వచ్చింది. యూఎస్‌బీలో పేర్లు కనిపించకపోవడానికి కారణం వేరు. ఆ ప్లేయర్ మాటలను దాచే ఫైలు రకాన్ని ఈ స్టీరియో గుర్తించదు. గుర్తించని వాటిని అది చూపించదు. అంతే గాని అవి చెరిగిపోలేదు.

అరబ్బీ వ్యాకరణం బోధించేటప్పుడు, వాక్యంలో దోషం దొరకకపోతే ఒక్కొక్క పదాన్ని విడదీసి చూడమని ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు చెబుతున్నాను. కారులో ఆ పాఠం నాకే గుర్తుకు రాలేదు. ఖరీదైన స్టీరియోనే అనుమానించాను గాని, బియ్యపు గింజంత ఎడాన్ని చూడలేదు.

మేనల్లుడు బ్లేడు తీసుకొని తొడుగు కోయబోయాడు. దుకాణదారు వారించాడు. "అమ్మ కుట్టింది ఎందుకు కోస్తరు?" అంటూ పిన్ను మొదలు సన్నగా ఉన్న మరో వైరు వెతికి ఇచ్చాడు. దాని ధర 150 రూపాయలు తీసుకున్నాడు గాని, పనికి మాత్రం ఏమీ పుచ్చుకోలేదు.

కార్లలో ఇలాంటి చిక్కులు చాలామందికి ఎదురవుతాయి గనుక అతడు చెప్పిన మరికొన్ని సంగతులు పాఠకులకు కూడా అందజేస్తాను. ప్లేయర్ శబ్దాన్ని ముప్పాతిక వంతు ఉంచి, మిగతాది స్టీరియోలో సరిచేసుకోవాలి. ప్లేయర్‌లో మరీ తగ్గించి స్టీరియోలో పెంచితే బుస వస్తుంది. తర్వాత రేడియోకు మార్చగానే ఒక్కసారిగా శబ్దం విరుచుకుపడుతుంది. ఒక వైపే వినిపిస్తూ, వైరు కదిపితే రెండో వైపు వచ్చిపోతుంటే లోపల తీగ తెగిందని అర్థం. వైరు మార్చడమే మందు. జేబుల్లో ఉండే పరికరాల రంధ్రాల్లో నూలుపోగులు, దుమ్ము చేరి పిన్నును దిగనివ్వవు. పరికరాన్ని ఆపి, పొడి చెక్కపుల్లతో మృదువుగా తీయాలి, లోహపు సూది వాడరాదు. ఛార్జర్ తగిలిస్తేనే రొద వస్తుంటే ముందే ఛార్జి నింపుకొని, వినేటప్పుడు ఛార్జర్ తీసివేయడం సులభమైన ఉపాయం. పెన్‌డ్రైవ్‌ను చాలా పాత స్టీరియోలు ఫ్యాట్ 32 పద్ధతిలో ఉంటేనే చదువుతాయి, పాటలు ఎంపీ3 రూపంలో ఉంటే మేలు. బ్లూటూత్ కలవకపోతే పక్కనున్న మరో ఫోను ముందే కలిసిందేమో చూసి, రెండు వైపులా పాత జతను తొలగించి కొత్తగా కలపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇవన్నీ బండి ఆగి ఉన్నప్పుడు చేయవలసిన పనులు.

జడ్చర్ల నుంచి అబ్బా మాతో ఉన్నారు. కర్నూలు గుడారాలు, తడిసిన ఉల్లిబస్తాలు, దారిలో చెడిపోయిన లారీ కింద పడుకొని గడిపిన రాత్రి, అన్నీ వరుసగా చెప్పుకొచ్చారు. బాలానగర్, షాద్‌నగర్ ఎప్పుడు దాటామో తెలియలేదు. ఒకచోట అబ్బా, "ఇంటికి చేరేసరికి నీకు ఎంత రాత్రయినా రొట్టె వేడిగా ఉండేది" అని నాతో అంటున్నట్లే అని, ఒక క్షణం ఆగి, "అది మీ అమ్మ పుణ్యం" అన్నారు. అమ్మీ దుపట్టా కొంగు కళ్లకు అద్దుకొని, "ఈ మాట నాతో ఎన్నడూ అనలేదు" అంది. శంషాబాద్ దగ్గర విమానం ఒకటి చాలా కిందుగా వెళ్లింది. ఆమె తల ఎత్తలేదు.

ఆ రాత్రి హైదరాబాదులో చెల్లెలి ఇంట్లో మేము మొదట చేసిన పని, ఆ నాలుగు రికార్డింగులను కంప్యూటర్‌లోకి, ఇద్దరి ఫోన్లలోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. మీ ఇంట్లో కూడా పెద్దల గొంతు ఒకే ఒక్క పరికరంలో ఉంటే ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

అల్లాహ్ దయవల్ల ఆపరేషన్ సవ్యంగా జరిగింది. వైద్యులు అనుమతించాక అదే దారిలో వెనుదిరిగాం. బీచుపల్లి సమీపించగానే రెండో రికార్డింగు పెట్టమంటుందని నేను ప్లేయర్ చేతిలోకి తీసుకున్నాను. అమ్మీ వద్దంది. "ఇప్పుడది ఆపు బేటా. ఆయన చెప్పిన నీళ్లు నేను చూడాలి" అంటూ కిటికీ అద్దం దించింది.