ఢిల్లీ చలికి గోదావరి సూది

డిసెంబరు మూడో వారం దాటిందంటే ఢిల్లీ మహానగరం సూర్యునికి ఋణపడి బతుకుతుంది. తెల్లవారుజామున కమ్ముకున్న పొగమంచు ఒక్కొక్కనాడు పదిగంటలకు గాని విడదు. విడిన మరుక్షణం మేడల మీదికి, వాకిళ్ళలోకి, ఉద్యానాలలోని పచ్చిక మీదికి జనం చేరుకుంటారు. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1935 జనవరి 16న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 0.6 డిగ్రీలకు పడిపోయింది. అంతటి చలి ఏటా రాదు. నాలుగైదు డిగ్రీల చలి మాత్రం మామూలే. గోదావరి తీరాన పుట్టి పెరిగిన పాదాలకు ఆ మాత్రం చాలు! ఇళ్ళలో వెచ్చదనానికి తగిన ఏర్పాట్లు తక్కువ. వేసవి కోసం పరచిన పాలరాతి గచ్చు శీతకాలంలో అరికాళ్ళ నుంచి ఒంటిలోని వేడినంతా పీల్చివేస్తుంది.

ఈ నగరంలో ఎండకూ ఉన్నికీ చుట్టరికం పాతది. 1947లో దేశవిభజనకు గురై పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కుటుంబాలు లజపత్ నగర్, పటేల్ నగర్ వంటి కాలనీలలో స్థిరపడినప్పుడు, ఆ ఇళ్ళ స్త్రీల చేతుల్లోని జంట సూదులు కూడా వారితోపాటు ఇక్కడికి వచ్చాయి. 1970, 80 దశకాలలో కేంద్ర సచివాలయ ప్రాంతపు పచ్చిక బయళ్ళలో మధ్యాహ్న భోజన విరామంలో ఉద్యోగినులు గుంపులుగా కూర్చుని స్వెట్టర్లు అల్లడం నగరానికి ఒక ఆనవాలుగా ఉండేది. చూసి నవ్వినవారు లేకపోలేదు. నవ్వినవారు తమ ఒంటిమీది స్వెట్టరు ఎవరు అల్లారో మాత్రం చెప్పుకునేవారు కారు. లూధియానా మిల్లుల సరకు చవకగా దొరకడంతో ఆ దృశ్యం పలుచబడింది. అయినా లజపత్ నగర్ అంగడి వీధిలో ఉన్ని బంతుల దుకాణాలు నేటికీ ఉన్నాయి.

తెలుగువారు ఢిల్లీకి కొత్తవారు కారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లోనే ఇక్కడ ఆంధ్ర విద్యాసంఘాన్ని నెలకొల్పారు. నాటి గుమాస్తాల తరం వెనుక నేడు నోయిడా, గురుగ్రామ్ మేడలలో కంప్యూటరు ఉద్యోగుల తరం నిలిచింది. శీతకాలంలో మనుమలను చూడవచ్చే అమ్మమ్మలలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలవారుంటే, వారి సంచిలో ఒక వస్తువు తప్పకుండా కనిపిస్తుంది. అది కొన వంగిన చిన్న ఉక్కు సూది. పంజాబీ స్త్రీలవి రెండు సూదులు, వీరిది ఒక్కటే. ఫ్రెంచి భాషలో 'క్రోషే' అంటే చిన్న కొక్కెం. అల్లికకు ఆ పేరే స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు చేరిన ఈ విద్య, అక్కడి గ్రామాలలో ఇంటింటి పనిగా మారి, లేసుగా విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే లేసు అందమంతా దాని రంధ్రాలలో ఉంది. చలికి పనికిరానివీ ఆ రంధ్రాలే! సన్నని నూలుదారంతో ఖాళీలను తీర్చిదిద్దిన చేయి ఇక్కడ లావాటి ఉన్నితో ఆ ఖాళీలనే పూడ్చవలసి వస్తుంది. సూది మూడు మిల్లీమీటర్లది కావాలి. ఉన్నిలో కొంత నైలాను కలిసి ఉంటే మంచిది, లేకుంటే మడమ దగ్గర త్వరగా చిరుగుతుంది.

పని వేళ్ళ కొసనుంచి మొదలవుతుంది. ఎనిమిదో పదో గొలుసులు వేసి, వాటికి రెండు వైపులా అల్లుకుంటూ చుట్టూ తిరిగితే చిన్న దొప్ప ఏర్పడుతుంది. రెండు చివరలా కుట్లు పెంచుతూ పోతే అది వేళ్ళకు సరిపోయేంత అవుతుంది. ఆ తరువాత పెంపు లేదు, గొట్టంలా సాగడమే. మేజోడు పాదం కన్న కొంచెం బిగువుగా ఉండాలి. పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే అల్లిక 20 చాలు. అసలు చిక్కు మడమ దగ్గర. తిన్నని గొట్టం వంపు తిరగాలి కదా! సులువైన ఉపాయం ఒకటుంది. చీలమండ దగ్గరకు రాగానే సగం కుట్లను వదలివేసి, వాటికి బదులు అన్నే గొలుసులు వేసి, కాలి భాగాన్ని పైకి అల్లుకుపోవాలి. అక్కడ ఒక నోరు మిగులుతుంది. చివరలో ఆ నోటి చుట్టూ అల్లుతూ, రెండు మూలలా కుట్లు తగ్గిస్తూ మూసివేస్తే మడమ గుండ్రంగా కూర్చుంటుంది. అరికాలి కింద అతుకు ఉండకూడదు. రోజంతా నడిచేవారికి అది గులకరాయితో సమానం. కొక్కెపు అల్లిక జంట సూదుల అల్లికంత సాగదు కనుక, పై అంచును అడ్డంగా, కుట్టు వెనుక పోగును మాత్రమే పట్టుకుంటూ అల్లితే అది చారలు తేలి, జారకుండా పట్టి ఉంచుతుంది.

ఒక మేజోడు ముగిసిన తరువాత రెండోదానికి కూర్చోవడమే కష్టం. వరుసల లెక్క కాగితం మీద వేసుకోనివారికి జత కుదరదు.

మేడమీద ఎండలో ఈ పని చూసిన పొరుగింటావిడ ఒక ప్రశ్న తప్పక వేస్తుంది: "నాకొక జత అల్లి పెడతారా? ఎంతివ్వమంటారు?" అమ్మమ్మ జవాబూ దాదాపు ఒకటే: "డబ్బులేమిటమ్మా! ఊరికే కూర్చోలేక అల్లుతున్నాను." ఆ మాటలో మర్యాద ఉంది. దాని వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970 దశకం చివర నరసాపురం ప్రాంతంలో పరిశోధన జరిపి, 1982లో లేసు అల్లే స్త్రీలపై ఒక గ్రంథం ప్రచురించారు. ప్రపంచ విపణికి సరకు ఉత్పత్తి చేస్తున్న ఆ స్త్రీలు 'గృహిణులు'గా మాత్రమే లెక్కకు వచ్చారనీ, వారి శ్రమ తీరిక వేళల కాలక్షేపమన్న పేరే అతి తక్కువ కూలికి ఆధారమైందనీ ఆమె నిరూపించారు. వ్యాపారం పురుషుల చేతిలో ఉండేది. ఇల్లు దాటని స్త్రీకి తాను అల్లిన లేసు ఏ దేశపు బల్లమీద పరచుకున్నదో తెలిసేది కాదు.

ఐ.ఎన్.ఎ. మార్కెట్టు ఎదుట 1994లో వెలసిన దిల్లీ హాట్‌లో చేతివృత్తులవారే స్వయంగా, వంతులవారీగా, తమ సరకు అమ్ముకుంటారు. అక్కడ బేరమాడేవారిని గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. యంత్రం నేసిన మేజోళ్ళ ధరను మనసులో పెట్టుకుని చేతి అల్లికకు వెల కడతారు. పోలిక తగనిది. మేజోళ్ళు నేసే చట్రం 1589లోనే ఇంగ్లండులో విలియం లీ చేతిలో రూపొందింది. అది అనుసరించినది జంట సూదుల అల్లికను. నిజమైన క్రోషే కుట్టును అనుసరించే యంత్రం నేటికీ వాడుకలో లేదు. ఒక్కొక్క కుట్టూ ఒక మనిషి మణికట్టు తిరిగితేనే పడుతుంది. అలవాటైన చేతికైనా ఒక జతకు రెండు మూడు మధ్యాహ్నాలు పడతాయి.

హోలీ వెళ్ళగానే ఉన్నిబట్టలు పెట్టెలకెక్కుతాయి. అమ్మమ్మ రైలెక్కుతుంది. మరుసటి శీతకాలానికి మనుమడి పాదం పెరిగి, మేజోళ్ళు మడమ దాటవు. అందుకూ ఉపాయముంది. చివరి ముడి విప్పి దారం లాగితే మేజోడంతా క్షణాలలో పోగుగా ఊడివస్తుంది. దానిని చిలపగా చుట్టి, మరుగుతున్న కెటిల్ ఆవిరి పట్టి ఆరవేస్తే వంకరలు పోతాయి. కొత్త రంగు ఉన్ని ఒక బంతి జోడించి, మళ్ళీ వేళ్ళ కొసనుంచి మొదలుపెట్టవచ్చు.