నాన్నగారి గడియారంతో శంకర్‌పల్లికి

మీరెప్పుడైనా లింగంపల్లి నుండి వికారాబాదు వైపు వెళ్ళే రైలులో ప్రయాణం చేశారా? పట్నపు మేడలు ఒక్కొక్కటిగా వెనుకబడి, నాగులపల్లి దాటిన తరువాత కూరగాయల మళ్ళు, పూలతోటలు కనిపిస్తాయి. ఆ తరువాత వచ్చేది శంకర్‌పల్లి. గడచిన నెలలో నేను ఆ స్టేషనులో దిగినప్పుడు నా చొక్కా జేబులో, రుమాలులో చుట్టిన మా నాన్నగారి చేతిగడియారం ఉన్నది.

శంకర్‌పల్లి మీదుగా పోయే ఈ సికింద్రాబాదు - వాడి రైలుమార్గం నిజాం కాలంలో 1874లో మొదలైంది. పొద్దును చూసి పనికి బయలుదేరే పల్లెలకు నిమిషాల లెక్క నేర్పింది రైలే. ఆ రోజులలో రైళ్ళు మద్రాసు కాలాన్ని అనుసరించి నడిచేవి. దేశమంతటికీ ఒకే కాలం అనే ఏర్పాటు 1906లో వచ్చింది. అయినా గడియారం పల్లెవాని చేతికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో గడియారాల ఫ్యాక్టరీ పెట్టారు. అప్పటినుండి మన ఇండ్లలో పెళ్ళి అంటే అల్లునికి సైకిలు, రేడియో, చేతిగడియారం. మా తాతగారు కూడా 1968లో బడిపంతులైన మా నాన్నగారికి పెళ్ళిలో హెచ్.ఎం.టి. జనతా పెట్టారు. నాన్నగారు ప్రతి ఉదయం దానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు బడికి బయలుదేరేవారు. ఆయన పోయిన తరువాత అది ఆగిపోయింది. పెట్టెలో పెట్టి మరచిపోయాము.

శంకర్‌పల్లిలో మా అక్క కొడుకు పాత గడియారాల కొట్టు తెరిచాడని కబురు రావడంతో అది గుర్తుకు వచ్చింది.

అతడు ఈ వ్యాపారం మొదలు పెట్టింది ఫోనులో. పాత గడియారాలు కొని, తుడిచి, ఫోటోలు తీసి పెట్టేవాడు. ఎక్కడెక్కడి వారో డబ్బు పంపేవారు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. మా అక్క కూడా సంతోషించింది. మరి అంత సులువైన బేరం విడిచి షట్టరు కింద కూర్చోవడం ఎందుకు? అదే అడిగాను.

“ఫోటోల ముల్లు కనబడ్తది మామా, లోపలి మిషను కనబడదు కదా,” అన్నాడు.

తరువాత జరిగిన సంగతి చెప్పాడు. ఒక వ్యాపారి దగ్గర గడియారాలు గంపగుత్తగా కొన్నాడట. నిగనిగలాడే రంగులు, కొత్తవాటిలా ఉన్నాయి. వాటిలో ఒకటి దూర ఊరిలోని ఒక పెద్దాయన కొన్నారు. తనకు మొదటి ఉద్యోగం వచ్చినప్పటి గడియారం పోగొట్టుకున్నారట, అటువంటిదే కావాలని ఆశపడ్డారు. వారం తిరగకముందే ఫోను చేసి, “బాబూ, ఇది రాత్రి పూట ఆగిపోతున్నది,” అన్నారు. తిరిగి తెప్పించి విప్పి చూస్తే, ముఖం మీద పాత అక్షరాలు గీకి కొత్త రంగు వేసి ఉన్నది. లోపల రెండు మూడు గడియారాల ముక్కలు కలిపి ఉన్నాయి. పాత గడియారాలు సేకరించేవారు ఇటువంటి వాటిని ‘ముంబై స్పెషల్’ అని ప్రపంచమంతటా ఎగతాళి చేస్తారు.

మా వాడు డబ్బు వాపసు పంపాడు. కానీ, “నేను మోసపోయిన, ఆయన్ను మోసం చేసిన, రెండూ తెలియకనే,” అని చాలా బాధపడ్డాడు. ఇక మీదట కొనేవాని కళ్ళ ముందు వెనుక మూత తెరవకుండా ఏ గడియారమూ అమ్మకూడదని నిశ్చయించుకున్నాడు. అందుకే ఈ కొట్టు.

కొట్టు అంటే పెద్దదేమీ కాదు. ఒక అద్దాల బల్ల, రెండు స్టూళ్ళు. మూలన మరొక చిన్న బల్ల మీద దీపం. అక్కడ కంటికి భూతద్దం తొడుక్కుని ఒక ముసలి మెకానిక్ కూర్చుని ఉన్నారు. బ్యాటరీ గడియారాలు వచ్చినప్పుడు ఆయన పని సగం పోయింది, సెల్‌ఫోనులు వచ్చినప్పుడు మిగిలిన సగమూ పోయింది. హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీనే 2016లో మూసివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయితే ఆయన చేతిలోని పనితనం మూతపడలేదు. మా వాడు ఆయన ఇంటికి వెళ్ళి బతిమాలి తీసుకువచ్చాడు.

నాన్నగారి గడియారం బల్ల మీద పెట్టాను. మెకానిక్ గారు మూత తీసి, దాని లోపలివైపు చూడమని భూతద్దం నాకిచ్చారు. సూదితో గీసినట్టు సన్నని గీతలు, అంకెలు: 1974, 1981, 1989. బాగుచేసిన ప్రతివాడూ అలా గుర్తు పెట్టుకుంటాడట. నాన్నగారు జీతంలో మిగిల్చి దీనిని మూడుసార్లు బాగుచేయించారన్నమాట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మా వాడు తన తాత గడియారంలోని ఆ అంకెలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

నూనె ఎండిపోయింది, అంతే. విప్పి కడిగి, సన్నని సూదితో నూనె చుక్కలు వేశారు. సాయంత్రానికి లోపలి చక్రం సెకనుకు అయిదుసార్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పసుపుబారిన ముఖానికి రంగు వేయించమని అడిగితే మా వాడు ఒప్పుకోలేదు. “రంగు వేస్తే తాత గడియారం ఉండదు మామా,” అన్నాడు.

లాభం సంగతి అడిగాను. పాత గడియారాల కోసం వచ్చేవారు తక్కువే. బ్యాటరీలు, పట్టీలు మార్చే పనితోనే ప్రస్తుతం అద్దె వెళ్ళుతున్నది. మా అక్కకు ఇంకా దిగులుగానే ఉన్నది. కానీ చేవెళ్ళ, మొయినాబాదు వైపు నుండి పెద్దవారు బస్సెక్కి, ఆగిపోయిన గడియారాలు పట్టుకుని వస్తున్నారట. వారెవరూ ఫోనులో కొనేవారు కాదు. ఎదురుగా మనిషి ఉంటేనే నమ్మేవారు.

తిరుగు ప్రయాణం చేవెళ్ళ మీదుగా బస్సులో చేశాను. చేవెళ్ళకూ మొయినాబాదుకూ నడుమ దారి పొడుగునా మర్రిచెట్లు. చీకటి పడుతున్నది. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, నాన్నగారు విన్నట్టే.

ప్రియులారా, మీ ఇంటి పెట్టెలోనూ ఇటువంటిది ఒకటి ఉండవచ్చు. దానిని గంప వ్యాపారికి పడివేయకండి. మొదట మూత తెరిపించి చూడండి. ఎవరైనా మీకు పాతది అమ్మజూపితే, అతడు మీ ముందు మూత తెరుస్తాడో లేదో చూడండి. తెరవడానికి జంకని మనిషి దగ్గరే కొనండి.