చెంబు - కొబ్బరికాయ

యాభై ఎనిమిదో ఏట రంగులు పట్టాను. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల చూసొచ్చిన మర్నాడే దిండిలో మా వీధరుగు మీద మొదలుపెట్టాను. 1925లో పోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. నా వయసు అందుకు రెట్టింపు దాటింది! అందుకే పెద్ద ఆశలకు పోలేదు. జానెడు అట్ట, మా అమ్మ ఇత్తడి చెంబు, పక్కన ఓ పచ్చి కొబ్బరికాయ, రోజుకో గంట.

మొదటి బొమ్మ చూసి అమ్మ, "గుమ్మడికాయ బాగా కుదిరిందిరా!" అంది.

నూనెరంగు నీటిరంగులా తడి ఆవిరై ఆరదు. అవిసెనూనె గాలి పీల్చుకుని గట్టిపడాలి. పైపొరలో నూనె కిందిపొర కంటె ఎక్కువుండాలి, లేకపోతే బీటలిస్తుంది. ఇవి పుస్తకాలు చెప్పాయి. ఇత్తడి ఉత్త పసుపుపచ్చ కాదని మాత్రం చెంబే చెప్పింది. నీడలో గోధుమరంగు, కాయవైపు ఆకుపచ్చ, మెరుపు గోరంత.

నలభై మూడో అట్ట అమ్మ చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఈ సొట్ట మీ నాన్న రేవుమెట్ల మీద జారవిడిచిన నాటిది" అంది మెల్లగా.

సొట్ట వెయ్యాలని నేననుకోలేదు. కనబడింది వేశాను, అంతే.