ముందు పైకి చూడబ్బయా!

2023 జులై 14. చంద్రయాన్-3 వెళ్లే రోజు. సూళ్లూరుపేటలో రైలు దిగి, ముందు చెంగాళమ్మ గుడికెళ్లి దండం పెట్టుకున్నా. ప్రయోగాలకు ముందు ఇస్రో పెద్దలు కూడా ఈ తల్లి దగ్గరికే వస్తారు.

మధ్యాహ్నం రెండున్నరకల్లా ఫ్రెండ్ వాళ్ల మిద్దె మీద జనమే జనం. అందరి చేతుల్లో ఫోన్లే. నేనూ లైవ్‌లో కౌంట్‌డౌన్ చూస్తున్నా. పక్కనున్న అవ్వ భుజం తట్టింది.

"ఫోన్లో ఏముందబ్బయా, పైకి చూడు!"

తలెత్తితే తూర్పున నిప్పుల తోకతో రాకెట్ అప్పటికే లేచిపోతోంది. ఫోన్‌లో మాత్రం అంకెలింకా అయిపోలేదు. నిమిషం దాటాక ఉరిమినట్టు మోత వచ్చింది. ముందు వెలుగు, తర్వాత ఫోన్, చివరికి శబ్దం. ఒకే వార్త మూడుసార్లు అందింది.

వీడియోని ముక్కలు చేసి, సర్వర్ల మీదుగా పంపడమే నా ఉద్యోగం. లైవ్ అన్నది కొన్ని సెకన్లు ఆలస్యమని నాకు తెలియంది కాదు. అయినా దాన్నే నమ్ముకుని కూర్చున్నా. దూర ప్రాంతాల బళ్లకు పాఠాలు చేర్చే ఎడ్యుశాట్‌ని 2004 సెప్టెంబర్ 20న పంపింది కూడా ఈ పక్కనున్న శ్రీహరికోట నుంచే. దూరాన ఉన్నవాళ్లకు దగ్గర చేయడానికి వచ్చిన సాధనాలివి. దగ్గరే ఉండి నేను దూరమైపోబోయా.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "టీవీలో చూశాం నాన్నా. నువ్వు బాగా చూశావా?"

"అవ్వ పుణ్యమా అని చూశానమ్మా" అన్నా.