ఆ ఒక్క లైనూ మార్పించుకో, అమ్మాయ్

ఏమ్మాయ్, రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచాను, మీ ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉంది. బాబుకి ఒళ్ళుగానీ వెచ్చబడిందేమోనని తెల్లారేదాకా మనసు మనసులో లేదు. ఏమిటీ, నవల తీసుకుంటామని కబురొచ్చిందా! ఇంత మంచి మాట ఇంత నెమ్మదిగా చెబుతావేమే! ఉండు, ఈ బిందె దించి వస్తాను.

నువ్వు మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తు. 2024 సెప్టెంబరులో కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి. సింగ్ నగర్ అంతా బుడమేరు నీళ్ళలో ఉంది. మనిద్దరం ఈ గోడ దగ్గరే పులిహోర పొట్లాలు కడుతున్నాం. అప్పుడన్నావు, "పిన్నిగారూ, ఆ పడవల్లో ఒకదాన్లో శవం ఉంటే?" అని. నాకు చేతిలో పొట్లం ఆగిపోయింది. 70 గేట్లున్న బ్యారేజీ, ఒక గేటుకి అడ్డం పడిన పడవ, దాని అడుగున తాడు బిగించిన గోనెమూట. మన నీళ్ళమీద మన మనుషులతో ఒక డిటెక్టివ్ నవల వస్తోందని ఆ రోజే అనుకున్నాను.

ఎవరికి పంపావు? ఓ, డిటెక్టివు, దెయ్యం కథలు వేసే ఆ చిన్న సంస్థకా. మంచిదే. చిన్నవాళ్ళయితే వేసిన నాలుగు పుస్తకాల్నీ నెత్తిన పెట్టుకుంటారు. మా రోజుల్లో పంపడమంటే అరఠావు కాగితాలు, ఒకవైపే రాయాలి, పక్కన మార్జిను వదలాలి. కింద కార్బను పెట్టుకుని నకలు దగ్గరుంచుకోవాలి. తిరుగుటపాకి స్టాంపులంటించిన కవరు జతచెయ్యాలి. వారపత్రికకైతే హామీపత్రం కూడా. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని రాసి కింద సంతకం పెట్టేవాళ్ళం. నీకు ఆ తిప్పలన్నీ ఒక్క ఈమెయిల్లో తీరిపోయాయి.

కానీ ఒకటి చూసుకో. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసి పంపుతావు. డీటీపీ చేసేవాళ్ళు దాన్ని అనూ ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్చడంలో ఒత్తులు, వట్రుసుడులు ఎక్కడివక్కడ జారిపోతాయి. మా మరిది పుస్తకంలో 'కృష్ణ' అని ఉండాల్సిన చోటల్లా 'కష్ణ' అని పడింది. అచ్చయ్యాక చూసుకుని ఆయన నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆఖరి ప్రూఫు నువ్వు చూసి సరే అన్నాకే అచ్చుకి వెళ్ళాలని ముందే చెప్పుకో. చెబితే కాదు, రాయించుకో.

కథాసారంలో హంతకుడెవరో రాశావా, దాచిపెట్టావా? దాచావా! రాయాలే అమ్మాయ్. పాఠకుడి దగ్గర దాచాలి గానీ, డబ్బు పెట్టేవాడి దగ్గర కాదు. ముడి ఎక్కడ వేశావో, ఎలా విప్పావో చూస్తేనే కదా ఆయనకి నమ్మకం కలిగేది. ఎవరైనా కథ కొట్టేస్తారేమోనని నీ బెంగ, నాకు తెలుసు. ఉత్త ఆలోచనకి చట్టంలో కాపీరైటు లేదు. ఆ ఆలోచనని నువ్వు కాగితం మీద ఎలా పెట్టావో దానికి ఉంది, అదీ రాసిన క్షణం నుంచే ఉంది. రిజిస్టరు చేయించాలన్న నిర్బంధం లేదు. చేయించుకుంటానంటే 500 రూపాయల ఫీజు, అంతే. రాసినవాళ్ళ తదనంతరం 60 ఏళ్ళ వరకూ నిలిచి ఉండే ఆస్తి అది. పొలం లాంటిది.

ఒప్పందం కాగితం పంపారా? ఏదీ, ఇలా ఇవ్వు. కళ్ళజోడు తెచ్చుకుంటాను.

నవలకి పదిహేను వేలు. బాగానే ఉంది. పాతిక కాపీలు నీకు. ఇదీ బాగానే ఉంది. ఇదిగో, ఇక్కడ ఆగు. "సదరు నవలపై సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తకే చెందును." ఈ లైను చదివావా? చదివి పోనీలే అనుకున్నావు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అందుకే ఇవాళ పొయ్యిమీద పాలు పొంగినా సరే, నీకిది చెప్పకుండా లోపలికి వెళ్ళను.

1991లో నేను కంకిపాడు బడిలో టీచర్ని. రోజూ బస్సు. ఆ బస్సులో ఆలోచించి, రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు లాంగు నోటుబుక్కుల్లో ఒక నవల రాశాను. లాకుల దగ్గర మాయమైపోయిన కొత్తకోడలి కథ. బెజవాడలోనే ఒక ప్రచురణకర్త తీసుకున్నారు. 1,500 రూపాయలిచ్చి, రసీదు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టమన్నారు. ఆ రసీదులో ఉన్నది ఈ లైనే. మాటలు అటూ ఇటూ, అర్థం ఒకటే. ఆ డబ్బుతో మా అమ్మాయికి వెండి పట్టీలు కొన్నాను. అచ్చులో నా పేరు చూసుకుని పొంగిపోయాను. కొన్నేళ్ళ తరవాత లెనిన్ సెంటర్లో పాతపుస్తకాలు తిరగేస్తుంటే అదే నవల కొత్త అట్టతో కనిపించింది. లోపల 'మూడవ ముద్రణ' అని ఉంది. రెండోది ఎప్పుడు వేశారో కూడా నాకు కబురు లేదు. నా పుస్తకం నేనే డబ్బులిచ్చి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. మొన్నామధ్య మా అబ్బాయి దాన్ని ఈ-బుక్‌గా పెడదామన్నాడు. ఆ ప్రచురణకర్త పిల్లల్ని అడిగితే, హక్కులు మావండీ, మీరు పెట్టకూడదు అన్నారు. వాళ్ళు వెయ్యరు, నన్ను వెయ్యనివ్వరు. ఆ కోడలు పిల్ల అలాగే లాకుల్లో ఉండిపోయింది.

గాంధీనగర్లో ఒక లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. 1957 కాపీరైటు చట్టంలో 19వ సెక్షను ఇందుకోసమే ఉందట. హక్కు ఇవ్వడమంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఎన్నాళ్ళకిస్తున్నావో ఆ కాగితంలో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే అది తిరిగి మనదే, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఇవన్నీ విని నా ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ అయిదేళ్ళ మాట, ఏడాది మాట 1994 సవరణతో వచ్చాయట. అంతకు ముందు పెట్టిన సంతకాలకి వర్తించవట. మూడేళ్ళ తేడాలో నేను అవతలి గట్టున ఉండిపోయాను.

నువ్వు ఇవతలి గట్టున ఉన్నావు. కాగితం ఊరుకుంటే చట్టం నీ తరఫున మాట్లాడుతుంది. 'శాశ్వతంగా' అన్న మాట పడిందా, కాలం సంగతి తేలిపోయినట్టే. ఇంక ఆ అయిదేళ్ళ లెక్క నిన్ను కాపాడదు. నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట గురించే.

ఆ లాయరుగారు ఇంకొకటి కూడా చెప్పారు, అది నాకు పెద్ద ఊరట. హక్కులన్నీ రాసిచ్చేసినా, ఆ రచన నాదే అని చెప్పుకునే హక్కు మాత్రం పోదట. నా పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టడానికి, కథని నా పరువు పోయేలా చెడగొట్టడానికి వీల్లేదట. 57వ సెక్షను.

మన ప్రాంతంలో ఇలా హక్కులన్నీ రాసిచ్చేయడం పాత అలవాటమ్మా. ఎవరినో ఒకరిని అని లాభం లేదు. బందర్లో ఎం. శేషాచలం అండ్ కంపెనీ పొడి అక్షరాలతో ఎమెస్కో అన్న పేరు పుట్టింది. చేతిలో ఇమిడే పాకెట్ పుస్తకాల్ని ఇంటింటికీ అలవాటు చేసింది వాళ్ళు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వెయ్యి నవలలు రాశారు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ కోసం మా నాన్నగారు భోజనం మానుకునేవారు. ఆరుద్ర అంతటి కవి కూడా 'పలకల వెండి గ్లాసు' అని అపరాధ పరిశోధన నవల రాశాడు. జనం చదవడమంటే ఎలా చదివేవారనుకున్నావు! సందుకో అద్దెపుస్తకాల షాపు, రోజుకి ఇంతని అద్దె. ఒక్క కాపీ వందమంది చేతుల్లో నలిగి, అట్ట ఊడి, చివరి పేజీలు పోయి, హంతకుడెవరో తెలియకుండానే ఊరంతా తిరిగేది. చదివేవాళ్ళు వందమంది, కొన్నది ఒక్కడు. ఆ లెక్కలో రాయల్టీ అన్న మాట ఎవరికి గుర్తుంటుంది? రాతప్రతి ఇచ్చి చేతిలో పడింది తీసుకుని వచ్చేసేవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఎందరి పిల్లలకి తండ్రి రాసిన పుస్తకం మీద హక్కు మిగిలింది?

మనవాళ్ళకే కాదు. షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయిల్ ఆ మొదటి నవలని 1886లో 25 పౌన్లకి హక్కులతో సహా అమ్మేశాడు. తరవాత ఆ పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. దాని మీద ఆయనకి ఇంకో పైసా రాలేదు.

అందుకని రూపాయల దగ్గర బేరమాడకు, ఏళ్ళ దగ్గర ఆడు. పదిహేను వేలు పన్నెండు వేలయినా ఒప్పుకో, కానీ తెలుగులో అచ్చుపుస్తకం, అయిదేళ్ళు, అని రాయించు. రాయల్టీ ఇస్తామంటే దేని మీద అని అడుగు. రెండొందల వెల ఉన్న పుస్తకం అనుకుందాం. వెల మీద పది శాతమంటే కాపీకి ఇరవై రూపాయలు. అదే షాపువాళ్ళ కమిషను నలభై శాతం పోగా మిగిలినదాని మీద పది శాతమంటే పన్నెండు. రెండూ పది శాతమే. చేతికొచ్చేసరికి ఎనిమిది రూపాయల తేడా. ఎన్ని కాపీలు వేస్తున్నారో రాయించు. ఏడాదికోసారి అమ్మకం లెక్క చెప్పాలని రాయించు. స్టాకు అయిపోయి ఆరు నెలలైనా మళ్ళీ వెయ్యకపోతే హక్కు నీకు వచ్చేయాలని రాయించు. నేను మూడో ముద్రణని ఫుట్‌పాత్ మీద చూసుకున్నట్టు నువ్వు చూసుకోకూడదు.

ఈ-బుక్కు, ఆడియో, సినిమా వేటికవి వేరే. ఇప్పుడు నవలలు చదివి వినిపించే యాప్‌లున్నాయి, యూట్యూబ్ ఛానళ్ళున్నాయి. బస్సులో నా పక్కన కూచున్న పిల్ల చెవుల్లో అవే. యండమూరిగారి నవల ఒకటి 'ఛాలెంజ్' అనే సినిమా అయింది, మల్లాదిగారిది 'చంటబ్బాయి' అయింది. నీ పడవకథ ఏ వెబ్ సిరీసో ఎందుకు కాకూడదు? వాళ్ళు ఆడియో కూడా చేస్తామంటే సంతోషంగా ఇవ్వు. దానికి వేరే లైను, వేరే డబ్బు. చెయ్యరా, అది నీ దగ్గరే ఉండనీ.

ఏమంటారోనని భయపడకు. వాళ్ళకీ కష్టాలున్నాయి. కాగితం, అచ్చు, బైండింగు, అన్నిటికీ ముందు డబ్బు పెట్టాలి. షాపులవాళ్ళు పుస్తకాలు తీసుకుంటారు గానీ లెక్క ఎప్పటికో చూస్తారు. జనవరి మొదట్లో మన బెజవాడ పుస్తకాల పండగ వస్తేనే వాళ్ళ చేతిలో నాలుగు డబ్బులాడేది. అందుకే ఆ వేళకి పుస్తకం దించాలని తొందరపడతారు. నిన్నూ తొందరపెడతారు. తొందరలో సంతకం పెట్టకు. అలాగని గట్టిగానూ మాట్లాడకు. "సార్, మీరు నా నవల వేస్తున్నందుకు చాలా సంతోషంగా ఉంది, ఈ లైను ఒక్కటి మారిస్తే ఇవాళే సంతకం చేసి పంపిస్తాను" అను. మంచివాళ్ళయితే మారుస్తారు. చాలామంది ఆ కాగితం వేరే ఎవరి దగ్గరో తెచ్చుకుని పేరు మార్చి వాడతారు, అందులో ఏముందో వాళ్ళే చదివి ఉండరు. మార్చం అంటే మాత్రం నవల వెనక్కి తెచ్చుకో. ఏలూరు రోడ్డులో నవసాహితి వాళ్ళున్నారు, ఇంకా ఎందరో ఉన్నారు. ఎవరూ వద్దంటే మనమే వేసుకుందాం. ఐఎస్‌బీఎన్ నెంబరు కూడా ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, దానికి డబ్బులడిగితే ఇవ్వకు. అయితే ఒక మాట. ఖర్చు నువ్వు పెట్టుకుంటే ప్రచురణకర్తవి నువ్వే. అప్పుడు ప్రతి కాపీ నీది, ప్రతి హక్కూ నీది. మన డబ్బుతో వేసి హక్కులు వాళ్ళుంచుకుంటామంటే ఆ మాట విననే వద్దు.

ఇదిగో, 'శాశ్వతంగా' అన్న మాట మీద పెన్సిలుతో గీత కొట్టాను, పైన అయిదేళ్ళని రాశాను. 'సర్వహక్కులూ' అన్న చోట 'తెలుగులో అచ్చు హక్కు' అని రాశాను. జిరాక్స్ ఒకటి తీయించి నీ దగ్గర పెట్టుకో. పదింటికి ఆఫీసులు తెరుస్తారు, అప్పుడు ఫోన్ చెయ్యి. కావాలంటే ఇక్కడికొచ్చి చెయ్యి, పక్కన కూచుంటాను.

అన్నట్టు, నువ్వు నాకు ఇచ్చింది పదకొండో అధ్యాయం దాకానే. ఆ పడవ తాడు కోసింది కాలవ నీళ్ళు చూసే లష్కరేనా? వద్దులే, చెప్పకు. మిగతా కాగితాలు గోడమీద పెట్టి వెళ్ళు. మంచు పడుతోంది, పైన పళ్ళెం బోర్లించు.